ఒడిలో కూర్చోబెట్టుకున్నందుకు

నా ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. ఎందుకని అడిగినవాళ్లకు ఇన్నేళ్లుగా రకరకాలుగా చెప్పుకుంటూ వచ్చాను. కోస్గి బస్టాండులో చాయ్ తాగేవాళ్లు అడిగితే శత్రువు తూటా. పింఛను తెచ్చుకునే రోజు బ్యాంకు లైన్లో అడిగితే మంచుకొండ విరిగిపడింది. పెళ్లిలో భోజనాలయ్యాక, వినేవాళ్లు తీరికగా కూర్చుంటే, తూటా కూడా తగిలింది, మంచుకొండ కూడా విరిగిపడింది. అసలు సంగతి ఏమిటంటే కంచరగాడిద తన్నింది. రోడ్డు లేని కొండల మీదికి బియ్యం, కిరోసిన్ మోసుకుపోయే కంచరగాడిదలు పటాలంలో ఉంటాయి. వాటిని మేపడం, తోమడం, వేసవిలో బొచ్చు కత్తిరించడం, డెక్కలు చూడటం నా కొలువు. గొర్లు కాసే ఇంట్లో పుట్టినవాడినని తెలిసి అక్కడికి పంపారు. శత్రువును నేను ఎన్నడూ చూడలేదు. ఆయన కూడా నన్ను చూసినట్టు లేదు.

ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక మీద చెప్పేదాంట్లో కూడా అక్కడక్కడ నా నోరు జారుతుంది. జారినచోట నేనే ఆగి సర్దుకుంటాను.

పెళ్లెందుకు చేసుకోలేదంటే దానికీ ఒక కథ ఉంది. కొండల్లో యాపిల్ తోట ఉన్న ఒక పెద్దమనిషి తన కూతురిని ఇస్తానన్నాడని, దేశసేవ కోసం నేను వద్దన్నానని. ఆ పెద్దమనిషి లేడు, ఆ కూతురూ లేదు. సెలవు దొరికినప్పుడు పిల్ల కుదరలేదు, పిల్ల కుదిరినప్పుడు సెలవు దొరకలేదు. అమ్మా నాయినా పోయారు. అడిగేవాళ్లు లేకపోయేసరికి నేనూ మరిచిపోయాను. పటాలం నుంచి వచ్చేశాక ఊరికి కొంచెం దూరంగా, కోస్గి పోయే రోడ్డు పక్కన, మా నాయిన వదిలిన చెలకలో రేకుల కొట్టం వేసుకుని, కొన్ని గొర్లు పెట్టుకుని ఉన్నాను. ఊరంతా నన్ను మిలిట్రీ అంటారు. నా అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

తెలంగాణ వచ్చిన కొత్త. దసరా పోయి కంది పూతకొచ్చిన రోజులు. మా పాలమూరు నుంచి బొంబాయికి, పూనాకు పనికి పోయే కూలీల లారీలు అప్పట్లో రోడ్డు మీద తరచు కనబడేవి. మేస్త్రీ డ్రైవరు పక్కన కూర్చుంటాడు, మిగతావాళ్లు వెనక మూటల మీద. అట్లాంటి లారీ ఒకటి ఇంజను వేడెక్కి మా కొట్టం ముందు ఆగింది. డ్రైవరు నీళ్లు అడిగాడు. కూలీలు దిగి నీడకు వచ్చారు. అందులో ఒకామె చంకలో పసిపిల్లతో వచ్చి, "అన్నా, పసిదానికి జర సల్ల పోస్తవా?" అంది.

ఆమె కళ్లలో ఏదో దుఃఖం చదివానని తర్వాత చాలామందికి చెప్పాను. ఏమీ చదవలేదు. ఆ పూట ఒక గొర్రె తన పిల్లను దగ్గరికి రానీయకపోతే దానికి సీసాతో పాలు పట్టిస్తున్నాను. నా కళ్లు సీసా మీద ఉన్నాయి. సల్ల ముంత ఎక్కడుందో గదుమతో చూపించాను, అంతే. ఆమె పిల్లకు తాగించి, మంచం మీద పడుకోబెట్టి జోకొడుతుండటం ఒకసారి చూశాను. ఇంజను చల్లబడింది, లారీ కదిలింది, దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే పిల్ల మంచం మీదే ఉంది.

చెలకవైపు పోయిందేమో, వస్తుందిలే అనుకుని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. మంచం కోడుకు ఒక గుడ్డసంచి తగిలించి ఉంది. అందులో రెండు అంగీలు, ఒక దువ్వెన, కొబ్బరినూనె సీసా. పిల్లకు భుజాల దాకా జుట్టు, నున్నగా దువ్వి, చిన్న జడ వేసి, దారంతో కట్టి ఉంది. జడను చూసి ఆడపిల్ల అనుకున్నాను. సాయంత్రం దాకా "తల్లీ, తల్లీ" అని పిలుస్తూనే ఉన్నాను. నిక్కరు మార్చాల్సి వచ్చినప్పుడు గానీ తెలియలేదు మగపిల్లవాడని.

వాడు ఏడ్చిన ఏడుపుకు కోస్గి దాకా జనం ఉలిక్కిపడ్డారని చెబుతుంటాను. నిజానికి వాడు ఏడవలేదు. లేచి కూర్చుని, నన్ను చూసి, గొర్రెపిల్లను చూసి, నా చేతిలో సీసా కోసం చెయ్యి చాపాడు. అదే సీసాతో పాలు పట్టాను. కడిగే పట్టాను.

రోడ్డుకు అవతల ఒక అవ్వ ఉండేది. నాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ అవ్వే. సంగతి తెలుసుకుని కర్ర పొడుచుకుంటూ వచ్చి పిల్లవాడి కడుపు తట్టి చూసింది, నాలుక చూసింది, నన్ను చూసి తల కొట్టుకుంది. గంజి ఎట్లా కాచాలో, వీపు మీద ఎట్లా తడితే తేన్పు వస్తుందో ఆమే చెప్పింది. సర్పంచికి చెప్పకుండా ఉంచుకుంటే తప్పవుతుందని కూడా ఆమే చెప్పింది. సర్పంచి పోలీసులకు చెప్పాడు. మర్నాడు ఎస్సై జీపులో వచ్చాడు.

ఆయన మంచివాడే. ఆడమనిషి లేని ఇంట్లో, పెళ్లికాని మనిషి దగ్గర పసిపిల్లవాడిని ఉంచడం కుదరదని, తల్లి దొరక్కపోతే పాలమూరులో పిల్లల ఆశ్రమానికి పంపాల్సి ఉంటుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ మాటకు నాకు కష్టంగా ఏమీ అనిపించలేదు. నిన్నటిదాకా లేని పిల్లవాడు రేపు లేకపోతే నాకేమిటి అనుకున్నాను. ఎస్సై వాళ్లనూ వీళ్లనూ అడిగి మేస్త్రీ ఫోన్ నంబరు సంపాదించాడు. మేస్త్రీ ఆమెకు ఫోనిచ్చాడు. అందరికీ వినబడేట్టు ఎస్సై స్పీకరు పెట్టాడు. పిల్లవాడిని ఎందుకు విడిచిపెట్టి పోయావమ్మా అని అడిగితే, లారీ చప్పుడులోంచి ఆమె గొంతు వినబడింది.

"నేనేం ఇడిసిపెట్టలే సారూ. మా అన్న దగ్గర ఉంచి పోతున్న. ఉగాదికొస్త."

ఎస్సై ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి నావైపు చూశాడు. "నీ చెల్లెనా?"

అంతదాకా నేను చెప్పిన అబద్ధాలన్నీ నా గొప్ప కోసం చెప్పినవి, ఎవరూ అడగకుండా చెప్పినవి. మొదటిసారి ఒక మనిషి అబద్ధం కావాలని నన్ను అడుగుతున్నట్టు అనిపించింది. పిల్లవాడు నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని ఉన్నాడు. అవును సార్ అన్నాను. చెల్లెలి పేరేమిటన్నాడు. నోటికి వచ్చిన పేరు చెప్పాను. ఫోనులో ఆమె చెప్పిన పేరు వేరు. ఎస్సై కనుబొమ్మలు పైకి లేచాయి. అప్పుడు అవ్వ కర్ర నేలకు ఆనించి, ఇంట్లో మేం ఆ పేరుతోనే పిలుస్తాం సారూ అంది. ఊళ్లోవాళ్లు అంతమంది నిలబడి ఉన్నారు. నాకు చెల్లెలు లేదని అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఎస్సై అందరి ముఖాలూ చూశాడు, ఆయనకూ తెలిసిందనే నా అనుమానం. జీపెక్కి పోయాడు.

ఉగాది వచ్చింది, ఆమె రాలేదు. మేస్త్రీ ఫోను పని చేయడం మానేసింది. తిరిగి వచ్చిన కూలీలను అడిగితే ఆమె వేరే గుంపులో కలిసి ఇంకా ముందుకు పోయిందన్నారు.

ఆ ఎండాకాలమే నేను చేయరాని పని చేశాను. చేసేటప్పుడు చాలా మంచి పని అనుకుని చేశాను. వాడి నెత్తి మీద చెమటకు సెగ్గడ్డలు లేచాయి. జడ విప్పితే లోపల పేలు. రోజూ నూనె రాసి దువ్వడం నాకు చేతకాలేదు. పటాలంలో ఎండలు రాగానే కంచరగాడిదలకు బొచ్చు తీసేవాళ్లం, హాయిగా ఉండేవి. వాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని, గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెర నూరి, నెత్తంతా సాఫు చేశాను. చెవుల వెనక కూడా ఒక్క వెంట్రుక మిగల్చలేదు. పనితనం గురించి మాత్రం అతిశయోక్తి కాదు, చెయ్యి చాలా చక్కగా ఆడింది. వాడు నవ్వుతూ నున్నటి నెత్తి తడుముకుంటున్నాడు.

అవ్వ వచ్చి చూసి కర్ర కింద పడేసింది.

"అవి పుట్టెంటికలు గదరా! నీ చేతులిరగ, ఎవన్నడిగి తీసినవ్?"

నాకు నిజంగా తెలియదు. ఇంట్లో పిల్లలు లేరు, చుట్టాల ఇళ్లలో ఆ వేడుకలు జరిగినప్పుడల్లా నేను కొండల మీద ఉన్నాను. మొదటిసారి తీసే వెంట్రుకలు మొక్కుకున్న దేవుడి దగ్గర తీయాలని, పిల్లవాడిని మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకోవాలని, మొదటి కత్తెర ఆయనే పెట్టాలని, అక్కాచెల్లెళ్లకు ఆ రోజు బట్టలు పెట్టాలని అవ్వ చెబుతుంటే నేను కత్తెర వెనక దాచుకుని నిలబడ్డాను. ఇంత వయసు వచ్చేదాకా తీయకుండా ఉంచిందంటే ఆ తల్లికి ఏదో లెక్క ఉంటుంది, ఆ దువ్వెన, నూనె సీసా అందుకే ఇచ్చిపోయింది కదరా అని అవ్వ అన్నప్పుడు మాత్రం నేను ఆ గుడ్డసంచి వైపు చూశాను. ఆ సంచిలో ఉన్నవి బట్టలతో పాటు పడిపోయిన సామాను అనుకున్నాను. అవి నాకు అప్పగించిన పని అని తోచనే లేదు.

అవ్వ నేల మీది వెంట్రుకలన్నీ ఏరి పాత గుడ్డలో మూట కట్టింది. ఎవరి ఒడిలో కూర్చోబెట్టి తీశావని అడిగింది. నా ఒడిలోనే అన్నాను. మొదటి కత్తెర ఎవరు పెట్టారంది. నేనే. అయితే ఇంక చేసేదేముంది, నువ్వే వాడి మేనమామవు అంది. పోలీసుల ముందు ఆమెకు అన్ననని చెప్పావు, ఇప్పుడు దేవుడి ముందు కూడా అయ్యావు, పద అంది. ఆ కార్తీకంలో కురుమూర్తి జాతరకు పిల్లవాడిని భుజాల మీద ఎక్కించుకుని పోయి, వెంట్రుకల మూట సమర్పించి, వాడికి కొత్తబట్టలు తొడిగి, లేని చెల్లెలికి ఒక చీర తీసి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ ఆ చీర తనే కట్టుకుంది. ఆమె వచ్చినప్పుడు నువ్వు ఇంకొకటి తీసిద్దువులే అంది.

అట్లా వాడు నన్ను మామా అని పిలవడం మొదలుపెట్టాడు. నాకు లోపల వేరే ఆశ ఉండేది. ఒకసారి చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, "నాయినా అను" అన్నాను. వాడు లేచి నిలబడి నా వెనక, కొట్టం పక్కన, రోడ్డు మీద చూసి వచ్చి, "ఏడి?" అన్నాడు. మళ్లీ అడగలేదు.

వాడిని సైనికుడిలాగా పెంచానని, తెల్లవారకముందే ఈల వేస్తే లేచి పక్క మడతపెట్టేవాడని చెబితే మా ఊళ్లో నవ్వుతారు. ఈల వేసేది నేనే, లేచేది గొర్లు. వాడు పొద్దెక్కేదాకా నా పాత ఉన్ని స్వెట్టరులో ముడుచుకుని పడుకునేవాడు. అంగన్‌వాడీలో గుడ్డు పెడతారని దాని కోసం పోయి, గుడ్డు తిని, టీచరు అటు తిరగ్గానే గొర్ల దగ్గరికి వచ్చేవాడు. జ్వరం వస్తే కోస్గి దవాఖానకు భుజం మీద వేసుకుని పరుగెత్తానని కూడా చెబుతుంటాను. ఈ కాలుతో పరుగేమిటి. ఆటోలో పోయాం. కానీ ఆటోవాడిని తిట్టిన తిట్లు మాత్రం నిజం.

బడికి పోయే వయసులో అమ్మ ఏదని అడగడం మొదలుపెట్టాడు. అక్కడ నా విద్య పనికొచ్చింది. మీ అమ్మ బొంబాయిలో పెద్ద బంగ్లా కడుతోందన్నాను. ఎంత పెద్దది అన్నాడు. మబ్బులు కిటికీలోంచి లోపలికొస్తాయన్నాను. కట్టడం అయిపోగానే వస్తుందన్నాను. ఆరు నెలలకోసారి అయిపోయిందా అని అడిగేవాడు, నేను ఇంకో అంతస్తు వేసేవాడిని. ఆమె వదిలేసి పోయిందని ఊళ్లో పిల్లలు అంటే, మా అమ్మ పైన ఉంది, కిందికి దిగాలంటే టైం పడుతుంది అనేవాడు. నేను అంతస్తులు పెంచింది వాడి కోసమేనా అంటే, కాదు. అయిపోయిందని చెబితే ఆమె రావాల్సి వస్తుంది. ఆమె రాకపోవడమే నాకు కావాల్సింది.

కరోనా వచ్చిన ఎండాకాలం పనులన్నీ మూతపడ్డాయి. బొంబాయి నుంచి, పూనా నుంచి మనుషులు నడిచి, లారీలెక్కి, మళ్లీ నడిచి వస్తున్నారు. ఊళ్లోకి వచ్చినవాళ్లను నేరుగా ఇళ్లకు పోనీయకుండా కొన్నాళ్లు బడిలో ఉంచేవాళ్లు. ఒకరోజు సర్పంచి మనిషిని పంపాడు. బడిలో ఒకామె ఉందని, ఎవరింటికి అని అడిగితే మా అన్న ఇంటికి, మిలిట్రీ ఇంటికి అంటోందని.

నేను పోలేదు. కాలు నొప్పిగా ఉందన్నాను. ఆ పూట కాలు నొప్పి లేదు.

అన్నం మాత్రం పంపక తప్పదు కదా. బడి మా కొట్టం వెనకనే కాబట్టి పిల్లవాడితో పంపాను. గేటు దగ్గర గిన్నె పెట్టి దూరం జరగాలి, వాళ్లు వచ్చి తీసుకుంటారు, అదీ పద్ధతి. ఎవరామె అని వాడు అడిగితే, ఊరికి వచ్చిన మనిషి అన్నాను. వాడు పోయి చాలాసేపటికి వచ్చి, ఆమె తన ముఖం చూస్తూ అన్నం తినడం మరిచిపోయిందన్నాడు. మర్నాడు వాడే అడిగాడట, నువ్వు బొంబాయి నుంచి వచ్చావు కదా, మా అమ్మ కట్టే బంగ్లా చూశావా అని. మబ్బులు కిటికీలోంచి వస్తాయి కదా అని కూడా అడిగాడట.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె ఏమందిరా అన్నాను.

"చూసిన అన్నది. మబ్బులొస్తె బట్టలన్ని తడుస్తయట. పైకప్పు ఒక్కటే తక్కువున్నదట."

నేను కట్టిన బంగ్లాను ఆమె కూల్చలేదు. ఆమె తలుచుకుంటే ఒక్క మాటతో నన్ను అబద్ధాలకోరును చేసి పిల్లవాడిని తనవైపు తిప్పుకోవచ్చు. ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని నేనే పోయాను. గేటుకు ఇవతల నేను, అవతల ఆమె. మనిషి ఎండిపోయి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. ఆ రోజు లారీ దిగినప్పుడు నువ్వు గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతుంటే చూశాను, అందుకే నీ దగ్గర వదిలానన్నా అంది. అంతకుమించి లెక్కేమీ లేదంది. ఉగాదికి ముందే గుంపు మారాల్సి వచ్చిందని, ఆ తర్వాత ఆలస్యమైన కొద్దీ ముఖం చెల్లలేదని చెప్పింది. అప్పుడు ఆమె, ఒక్క మాట అడుగుతా కోపం చేయవద్దని, పుట్టెంటికలు ఎవరు తీశారని అడిగింది.

నేనే అన్నాను. ఒడిలో కూర్చోబెట్టుకునే తీశానన్నాను. ఆమె గేటు చువ్వలు పట్టుకుంది. తర్వాత చెప్పింది. ఆమెది మర్రిగూడ వైపు ఒక ఊరు. ఆమెకు సొంత అన్న ఉన్నాడు. తనకు నచ్చినవాడిని చేసుకుని పోయిందని ఆయన మాటలు బంద్ చేశాడు. చేసుకున్నవాడు పిల్లవాడు పుట్టాక విడిచి ఎటో పోయాడు. అన్న దగ్గరికి పోవడానికి ముఖం లేదు. కానీ పుట్టెంటికలకు పిలిస్తే ఏ మేనమామ కూడా రాకుండా ఉండడు, ఎంత పగ ఉన్నా వచ్చి ఒడి పట్టాల్సిందే. ఆ ఒక్క వేడుక కోసమే పిల్లవాడి నెత్తికి నూనె రాసి, దువ్వి, జడ వేసి దాచింది. అన్న ముందుకు పోవడానికి ఆమెకున్న దారి ఆ జడే. నేను దాన్ని కంచరగాడిద బొచ్చు అనుకున్నాను.

గడువు అయ్యాక ఆమె మా ఇంటికి వచ్చింది. పిల్లవాడికి అమ్మ అని చెప్పాం. వాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు, పైకప్పు అయిపోయిందా అన్నాడు. అవ్వ అప్పటికి మంచం దిగడం తగ్గించింది, అయినా వచ్చి కూర్చుంది. సొంత అన్న సంగతి విని, ఉన్న అన్న ఎదురుగా ఉండగా ఆ అన్న ఎందుకు బిడ్డా అంది. ఆమె నావైపు చెయ్యి చూపించింది.

"గీ అన్న ఉన్నడవ్వా. గా అన్న సుత కావాలె నాకు."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఆ ఊరికి పోతే పిల్లవాడు పోతాడు. పోవద్దంటే ఆగేదే, నా ఇంట్లో ఉంది, నా అన్నం తింటోంది. కానీ ఆమె దారి కత్తిరించింది నేను. బస్సులు మళ్లీ నడవడం మొదలయ్యాక, తొలకరి పడ్డాక, ముగ్గురం ముఖాలకు గుడ్డలు కట్టుకుని బయలుదేరాం. పాలమూరులో ఒక బస్సు, కల్వకుర్తిలో ఇంకో బస్సు, చివర ఆటో. దారంతా పిల్లవాడు కిటికీ పక్కన, వాళ్లమ్మ ఒడిలో తల పెట్టుకుని నా ఒడిలో కాళ్లు పెట్టుకుని.

ఆమె అన్న పత్తి చేనులో కలుపు తీయిస్తున్నాడు. నాకంటే చాలా చిన్నవాడు, కానీ మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. ఆ వైపు మనుషులకు అంతే, భూమిలోంచి వచ్చే ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోతాయి. చెల్లెలిని చూసి ఆయన అరవలేదు, పలకరించనూ లేదు. ఇంటికి తీసుకుపోయి వరండాలో చాప వేయించాడు. పిల్లవాడిని దగ్గరికి పిలిచి, నెత్తి మీద చెయ్యి వేసి, వెంట్రుకలు ఎవరి ఒడిలో కూర్చుని తీయించుకున్నావు అని అడిగాడు. వాడు నన్ను చూపించాడు.

"పుట్టెంటికలకన్న పిలుస్తదనుకున్న," అన్నాడు ఆయన నన్ను చూసి, చెల్లెలిని చూడకుండా. "అంగీ గుడ్డ సుత తెచ్చిపెట్టిన. ఏడాదికి పిలుస్తది, మూడేండ్లకు పిలుస్తది అని చూసిన. మరి ఒడి పట్టినోడివి నువ్వున్నవు గదన్నా, నా దగ్గరికెందుకు తోల్కొచ్చినవు?"

ఆమె ఏడుస్తోంది. ఇద్దరూ ఒకే వేడుక కోసం చెరొక చోట కాచుకుని కూర్చున్నారు, దాన్ని నేను ఒక మధ్యాహ్నం పేల కోసం కత్తిరించేశాను. పిల్లవాడి వైపు చూశాను. అప్పుడు వాడి చెవులు కనబడ్డాయి. చెవులు ఇంకా కుట్టించలేదు. అది కూడా మేనమామ ఒడిలో కూర్చోబెట్టే చేస్తారు. అవ్వ ఏళ్ల తరబడి పోరు పెడుతుంటే మంచి రోజు దొరకలేదని నెట్టుకొస్తున్నాను. మంచి రోజులు బోలెడున్నాయి. వాడు ఏడిస్తే చూడలేక ఆపాను.

"తమ్ముడూ, వాని చెవులు నీకోసమని ఉంచినం," అన్నాను.

అది పచ్చి అబద్ధమని అక్కడ అందరికీ తెలుసు. ఆయనకు కూడా తెలుసు. ముఖం అటు తిప్పుకోబోయాడు, మెడ తిరగలేదు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, రేపు గురువారం, అవుసలాయనను పిలిపిద్దామా అంది. ఆయన ఊఁ అన్నాడు.

మర్నాడు బంగారం పనిచేసే అవుసలాయన తీగ, సూది తెచ్చుకుని వచ్చాడు. మోకాళ్లు వంగని మనిషికి ఒడి ఎట్లా వస్తుంది. బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి, ఆ కాళ్ల మీద పిల్లవాడిని ఎక్కించాం. వాడు ఊరంతా వినేట్టు ఏడ్చాడు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. ఆయన రెండు చేతులతో వాడిని గట్టిగా పట్టుకుని, అయిపాయె కొడుకా, అయిపాయె అంటూ తనూ ఏడ్చాడు. తర్వాత చెల్లెలి చేతిలో చీర పెట్టాడు. ఆమె కాళ్లకు మొక్కబోతే వంగి లేపలేక, లే లే అని నెత్తి తట్టాడు.

సాయంత్రం అసలు మాట వచ్చింది. ఆమెను అక్కడే ఉండమన్నారు. వెనక గది ఖాళీగా ఉంది, పత్తి పనులకు మనిషి కావాలి. బడులు తెరవలేదు, పాఠాలు ఇక టీవీలోనే చెబుతారట, వాళ్లింట్లో టీవీ ఉంది, నా కొట్టంలో లేదు. అందరూ చెప్పేది చెప్పాక ఆమె నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పన్నా. ఈడ ఉండుమంటె ఉంటం. రమ్మంటె నీ ఎంబడే వస్తం."

ఒక్క మాట అంటే చాలు. ఆ మాట దారిలోనే తయారు చేసి పెట్టుకున్నాను. ఇక్కడి నీళ్లు మంచివి కావు, పెరిగే పిల్లవాడు, వాడి ఎముకలు ఏమైపోవాలి అన్నాను. చాలా బాధ్యతగా అన్నాను. ఆయన భార్య లేచి గ్లాసు తోమి, ముంగిట్లో నల్లా తిప్పి, నింపి తెచ్చి నా చేతిలో పెట్టింది. పాత నీళ్లకు మా కాళ్లు ఇట్లా అయ్యాయి, ఇవి కృష్ణ నీళ్లు, నల్లా వచ్చి ఏండ్లవుతోంది, మా పిల్లలు ఇవే తాగుతున్నారు, తాగి చూడన్నా అన్నాడు ఆయన.

ఇంటింటికీ నల్లా ఉందని నాకు తెలుసు. ఆటో దిగుతూనే నీళ్ల ట్యాంకు చూశాను, ఆడవాళ్లు ముంగిట్లో బిందెలు నింపుకోవడం చూశాను. చూసి కూడా ఆ మాట అన్నాను.

గ్లాసు ఎత్తి తాగాను. నెమ్మదిగా తాగాను. పిల్లవాడు చెవులకు పసుపు రాసుకుని గడప మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. వాళ్లమ్మ కూడా. ఇంకా ఏదో ఒకటి అనవచ్చు, నా దగ్గర మాటలకు ఎప్పుడూ కరువు లేదు.

"నీళ్లు మంచిగనే ఉన్నయి," అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

పొద్దున బస్సు దగ్గరికి పిల్లవాడు వచ్చాడు. చెవి నొప్పి గోల తప్ప వేరే మాట లేదు. బస్సు కదిలే ముందు మాత్రం గొర్లను ఎవరు తోలుతారని అడిగాడు. నేనే అన్నాను. ఆ బొల్లి గొర్రె రోడ్డెక్కుతుంది, దాన్ని ముందర నడిపించవద్దు, నడుమ పెట్టు అని చెప్పాడు. సరే అన్నాను. దసరాకు వస్తా, అప్పటిదాకా దాన్ని అమ్మొద్దన్నాడు. దానికీ సరే అన్నాను.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ రోడ్డవతల మంచం మీద నుంచే, పిల్లగాడేడిరా అని అడిగింది. దారి పొడుగునా ఆ ప్రశ్నకు జవాబులు కట్టుకుంటూ వచ్చాను. పెద్ద బడిలో సీటు దొరికిందని ఒకటి, పత్తి ఏరడం అయ్యాక వాడిని నేనే తెచ్చుకుంటానని ఇంకొకటి. ఏదీ నోటికి రాలేదు.

"వాళ్లమ్మ దగ్గరున్నడవ్వా, అమ్మమ్మోళ్ల ఊర్ల. దసరాకు మామ ఇంటికొస్తడు."

అట్లనే గదరా ఎవల పిల్లలైనా అని అవ్వ అటు తిరిగి పడుకుంది. నేను కొట్టంలోకి పోయి గొర్లను బయటికి తోలాను. బొల్లిదాన్ని నడుమ పెట్టాను.